నేను ఏరుకున్న పొయ్యి

"నీకేది కావాలో నువ్వే చూసుకో" అన్నాడు మా ఆయన. కావలి బజారులో ఇనుప సామాన్ల అంగడి మెట్లమీద నిలబడి, నలుగురికీ వినబడేట్టు, నవ్వుతూ అన్నాడు. పెళ్లయినప్పటినుంచి నా చెవిన పడని మాట అది. కట్టుకునే చీర మా అత్త ఏరింది. జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలో ఆయన చెప్పాడు. పిల్లలు పుట్టకపోతే ఆస్పత్రికి పోదామా అని నేనడిగితే, పోనవసరం లేదని ఇద్దరూ కలిసి తేల్చారు. ఇప్పుడు ఒక పొయ్యిని నన్నే ఏరుకోమంటే నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వితే కింది పెదవి చిట్లినచోట మండుతుంది. అందుకని నవ్వలేదు.

ఆ పెదవి చిట్లడానికి కారణం కూడా పొయ్యే.

మాది సువార్త బండి. మిలిటరీవాళ్లు వదిలేసిన లారీని మిషనువాళ్లు కొని, దానిమీద చెక్కతో గది కట్టించారు. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, ఒక బీరువా, హార్మోనియం పెట్టుకునే చోటు. నెత్తిన గొట్టం మైకు. ఊళ్లల్లో దాన్ని వ్యాను అనేవాళ్లు, మా ఆయన్ని వ్యాను అయ్యగారు అనేవాళ్లు. ఆయన పేరు హెబ్రోను. వానలు వెనకబట్టాక బయల్దేరితే ఎండలు ముదిరేదాకా సముద్రంవార ఊరూరూ తిరగడమే. ఇసకలో బండి ఆపడం, పొద్దు గుంకే వేళకు పెట్రోమాక్సు వెలిగించి మీటింగు పెట్టడం. బండి నడిపే డ్రైవరు పేరు సమాధానం. మిషను దృష్టిలో పనివాళ్లు ఆ ఇద్దరే. నేను సామాను కింద లెక్క. నీళ్లు మోసేది, ఆయన తెల్ల లాల్చీలు ఉతికి గంజి పెట్టేది, చాపలు పరిచి మళ్లీ దులిపి చుట్టేది, ఆడవాళ్లను పోగుచేసి పాట చెప్పేది, చంటిబిడ్డలు మీటింగులో ఏడిస్తే ఎత్తుకుని తిప్పేది, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ అన్నం పెట్టేది ఆ సామానే. అయినా "నీకేం పనుండాదే, వ్యానులో కూర్చుని ఊళ్లు చూడ్డమే గదా" అనేది మా అత్త మగ్దలీనమ్మ.

వంట మాత్రం బండిలో కుదరదు. లోపల పెట్రోలు డబ్బాలుంటాయి. బయట మూడు రాళ్లు పెట్టి వండాలి. మా సముద్రంగాలి ఎట్లాంటిదో ఇసకలో వండినదానికి తెలుస్తుంది. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయె, పుల్లలు అంటుకుంటే మంట పక్కకు పోయె, అన్నం ఒకవైపు మాడి ఒకవైపు పలుకై, కూరలో ఇసక కరకరమనె. మట్టికుంపటి ఒకటి తెచ్చుకున్నాను. గుంతల్లో వ్యాను ఎగిరిన ఎగురుకు రెండు చెక్కలైంది. అన్నం ఆలస్యమైతే మీటింగు ఆలస్యం. మీటింగు ఆలస్యమైతే ఆయన చేతులు ఊరుకోవు. పోయిన వారం జువ్వలదిన్నె దగ్గర మిషను పెద్దయ్యగారు చూడ్డానికొచ్చినప్పుడు నా ఎర్రబడ్డ కళ్లూ వాచిన పెదవీ చూసి, "పొగకు అమ్మాయి మొహమంతా ఎట్టా అయిపోయిందో చూడు హెబ్రోనూ, మంచి పొయ్యి ఒకటి కొనిపెట్టరాదా?" అన్నాడు. పొగకు పెదవి వాస్తుందా అని ఆయనగారికి తోచలేదు. తోచనివ్వలేదో!

అందుకే కావలి బజారు. అందుకే ఆ మర్యాద.

అంగడి కామాక్షయ్య మూడు తెచ్చి నాముందు పెట్టాడు. బకెట్టుకు కన్నాలు పొడిచి చేసిన ఇనప కుంపటి ఒకటి. పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వు ఒకటి, ఇత్తడిది, మొహం చూసుకోవచ్చు. మూడోది మూలనుంచి దుమ్ము దులిపి తెచ్చాడు. "ఇది మడతపొయ్యమ్మా. వెనకటికి ఎవరో దొర పులికాట్ కాడికి పిట్టల వేటకొచ్చేవాడంట, ఆయన సామాను. ఎవురూ కొనరు. ఊరికే చూపిస్తా ఉండా" అన్నాడు. ఇనప పళ్లెం, దాని కింద మడిచి దాచుకునే నాలుగు కాళ్లు, మూడు వైపులా గాలి తగలకుండా నిలబెట్టే రేకులు, పైన పక్కపక్కన పేర్చిన ఇనప కమ్మీలు. కమ్మీల మీద గిన్నె పెట్టుకోవచ్చు, చేపను తిన్నగా కాల్చుకోవచ్చు. మడిస్తే సీటు కింద పట్టేంత.

నేను ఆ అంగట్లో నేలమీద చతికిలబడ్డాను. కాళ్లు విప్పాను, మడిచాను, మళ్లీ విప్పాను. రేకులు నిలబెట్టి, చెయ్యి అడ్డం పెట్టి, గాలి ఎటునుంచి వస్తే ఎటు తిప్పాలో చూసుకున్నాను. కమ్మీలు ఒక్కొక్కటీ వేలితో తడిమాను. పెళ్లిచూపుల్లో మా ఆయన్ని నేను తలెత్తి కూడా చూడలేదు. ఈ పొయ్యిని మాత్రం కిందా మీదా అన్నీ చూశాను. నన్నెవరూ తొందరపెట్టలేదు. అబ్బ, ఎంత బాగుండిందో ఆ కాసేపు!

"స్టవ్వు తీసుకో. మిషను దొరసానమ్మ కాడ కూడా ఇదే ఉండాది" అన్నాడాయన.

"గాలికి స్టవ్వు నిలవదండీ. కన్నంలో ఇసక పడితే ఇంక దాని పని అయిపోయినట్టే. ఇది తీసుకుందాం. సరుగుడు బొగ్గులు ఎక్కడైనా దొరుకుతాయి" అన్నాను.

కామాక్షయ్య తలాడించాడు. "అమ్మ చెప్పిందే నిజం సామీ" అన్నాడు. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది పాపం.

ఆయన ఇంకా పెద్దగా నవ్వి, "అట్టాగే కానీ, వండుకునేది నువ్వు గదా" అన్నాడు.

ఊరు దాటి, తాటిచెట్ల మధ్య బండి ఆపమన్నాడు. సమాధానం దిగిపోయాడు. ఆయన ఆపమంటే ఎందుకో వాడికి తెలుసు. దిగి టైర్లలో గాలి చూస్తాడు. ముందు టైరు, వెనక టైరు, చుట్టూ తిరిగి మళ్లీ ముందు టైరు. లోకంలో మా వ్యాను టైర్లకు జరిగినంత సేవ ఏ బండి టైర్లకూ జరిగి ఉండదు. లోపల ఆయన తలుపు గడియ పెట్టాడు. లాల్చీ చేతులు మడుచుకున్నాడు. "ఆ శెట్టి ముందర నేనేం తెలవనోణ్ణని చెప్పినావు గదా" అన్నాడు, కోపం లేకుండా, పిల్లకాయకు పాఠం చెప్పినట్టు. మొదటి దెబ్బ డొక్కలో. రెండోది కూడా అక్కడే. వంగిపోతే జుట్టు పట్టి నిలబెట్టి, ఈసారి చెయ్యి మార్చాడు. ఊపిరందక నేను బల్ల అంచు పట్టుకున్నాను. సీటు కింద నా మడతపొయ్యి ఉంది. దాని మూల నా మడమకు తగులుతూ ఉంది. ఏడుపు రాలేదు. ఈ పొయ్యిని ఎత్తి ఆయన మొహంమీద వేస్తే ముక్కు ముందు పగులుతుందా పళ్లు ముందు రాలతాయా అని ఆలోచిస్తూ ఉన్నాను. అవును, అట్లాంటివి ఆలోచిస్తాను నేను. చేప తల కోస్తూ కూడా ఆలోచిస్తాను. కత్తిపీట ముందు కూర్చున్న ఆడదాని తలలో ఏముందో కనబడితే ఈ దేశంలో మగాడెవడూ కంటినిండా నిద్రపోడు.

ఆయన గడియ తీసి, "పోదాం పద సమాధానం" అన్నాడు. అల్లూరు దాటేదాకా పాట పాడుతూనే ఉన్నాడు. మంచి గొంతు ఆయనది.

ఇక సాక్ష్యం సంగతి చెప్పాలి. మా మీటింగుల్లో వాక్యం చెప్పేముందు ఎవరైనా లేచి, దేవుడు తమ బతుకును ఎట్లా మార్చాడో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. సాక్ష్యం చెప్పేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు, పాస్టరుగారైనా సరే. చిన్నపిల్ల చెప్పినా పెద్దలు తల వంచుకుని వింటారు. మా వ్యానులో ఆ పని నాది. ప్రతి ఊళ్లోనూ నేను లేచి ముసుగు సర్దుకుని ఒకటే చెప్పాలి. "మా ఆయన ఒకప్పుడు తాగేవాడు. తాగొచ్చి నన్ను చావగొట్టేవాడు. కావలి కూటాల్లో ప్రభువు ఆయన్ని తాకాడు. ఆరోజు నుంచి సీసా ముట్టలేదు, నామీద చెయ్యి వెయ్యలేదు. దేవునికి స్తోత్రం." జనం ఆమేన్ అంటారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటారు. ఆ తర్వాత ఆయన లేచి ఏం చెప్పినా వాళ్లకు వేదమే. వ్యాను పెట్రోలుతో నడుస్తుందని సమాధానం అనుకుంటాడు గానీ, అది నడిచేది నా సాక్ష్యంతో.

అందులో సగం నిజమే. తాగడం మానేశాడు. తాగి కొట్టిన రోజుల్లో మర్నాడు ఆయనకేమీ గుర్తుండేది కాదు. నా కాళ్లు పట్టుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. మానేశాక చేతికి నిలకడ వచ్చింది. ఎక్కడ కొడితే కనబడదో తెలిసింది, ఆ పెదవి ఒక్కటే గురి తప్పింది. కొట్టింది గుర్తుంటోంది, కాళ్లు పట్టుకోవాల్సిన అవసరం కనబడటం లేదు. మణికట్టు దాకా ఉండే నా జాకెట్టు చేతుల్ని చూసి, "వ్యాను అమ్మను చూసి నేర్చుకోండే, ఎంత మర్యాదో" అని ఊళ్లల్లో తల్లులు కూతుళ్లకు చెప్తారు. ఒకసారి అత్తకు వీపు చూపించాను. ఆమె చూడను కూడా చూడలేదు. "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుద్ది. నోరు మూసుకోని లోబడి ఉండు" అంది. మనుబోలులో బడిపంతులమ్మ మా అక్క పుష్పకుమారి. ఆమె ఒక్కతే, "ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చెయ్యే, అడగను కూడా అడగను" అంది. నేనే పోలేదు. పోతే సాక్ష్యం అబద్ధమవుతుంది కదా, దేవుడి పని పాడవుతుంది కదా అనుకున్నాను. నా పిచ్చి!

పొయ్యి మాత్రం బంగారం. గంగపట్నం దగ్గర ఎదురుగాలిలో మొదటిసారి వెలిగించాను. రేకులు గాలికేసి తిప్పి, సరుగుడు బొగ్గులు పేర్చి, రెండు కొబ్బరిపీచు పోగులు అంటించాను. కణకణమని రాజుకున్నాయి. పొగ లేదు. అన్నం సమంగా ఉడికింది. కమ్మీల మీద కానాగంత చేపలు కాల్చితే వాసనకు సమాధానం కూడా నోరు తెరిచి, "అమ్మా, హోటలు పెట్టొచ్చు" అన్నాడు. మీటింగు గంటకు చాలా ముందే అన్నీ మూతపెట్టి కూర్చున్నాను. ఇక నన్ను కొట్టడానికి ఆయనకు ఏం దొరుకుతుంది అనుకున్నాను. చూశారా, నేను ఆ పొయ్యిని ఎందుకు ఏరుకున్నానో! రుచికోసం కాదు, సుఖంకోసం కాదు. దెబ్బలు పడని పొయ్యి ఏదో కనుక్కోవాలని.

ఆయన వచ్చి కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "చల్లారిపోయింది" అన్నాడు. కంచం నా ఒళ్లోకి వచ్చిపడింది. తర్వాత గరిటె.

మర్నాడు వేడిగా పెట్టాను. "నాలుక కాలాలనే?" అన్నాడు. ఆ మర్నాడు చేపలో ముల్లు. ఆ తర్వాత సమాధానానికి ముందు పెట్టాను. ఆ తర్వాత నవ్వాను. ఎవరితో నవ్వానో ఆయనకే తెలియదు. వీపు మండుతుంటే బోర్లా పడుకుని ఒక పగలంతా ఆలోచిస్తే అప్పుడు తట్టింది. అన్నం ఆలస్యమై కొట్టింది లేదు, ఎప్పుడూ లేదు. కొట్టడం ముందు పుట్టింది, కారణం తర్వాత వెతుక్కుంటున్నాడు. మూడు రాళ్లైనా దొర పొయ్యైనా ఆయన చేతికి ఒకటే. పెనంమీద నుంచి పొయ్యిలో పడటం అంటే ఏంటో నాకు అక్షరాలా తెలిసింది.

అట్లా తిరిగి తిరిగి ఇందుకూరుపేట మీదుగా మైపాడు చేరాం. బండి సముద్రానికి ఎదురుగా ఆపాం. చేపలు పట్టే పట్టపోళ్ల గుడిసెలు దగ్గరే. ఆ సాయంత్రం ఊరంతా వచ్చింది, వాళ్లు పెద్దకాపు అని పిలిచే కులపెద్ద చాపమీద ముందు కూర్చున్నాడు. నేను లేచి నా సాక్ష్యం అప్పజెప్పాను. ఎప్పటిలాగే ఏడ్చారు. ఈసారి ఒక మగవాడు కూడా ఏడ్చాడు. బలంగా, నల్లగా ఉన్నాడు, చిన్నపోలయ్యట. ముందుకొచ్చి మా ఆయన కాళ్లమీద పడి, "నన్నూ మార్చు సామీ" అన్నాడు. మా ఆయన వాణ్ణి లేపి కౌగిలించుకున్నాడు.

తెల్లారి పొయ్యి ముందు కూర్చుని ఉంటే ఒకామె చేపలగంప దించింది. ఎడమభుజం కుడిదానికంటే కిందికి ఉంది, విరిగి వంకరగా అతుక్కున్నట్టు. "నా పేరు కామమ్మ. ఆ ఏడ్చినోడు ఉండాడే, వాడు నా మొగుడు" అంది. కానాగంతలు నాలుగు తీసి, నన్నడక్కుండానే నా కమ్మీల మీద పెట్టింది. తిప్పి చూసి, "ఏందిమే ఇది, చేపకు చారలు గీసినట్టుండాది!" అని నవ్వింది. నిజమే, ఆ కమ్మీల వాత చక్కగా పడుతుంది, గీతలు గీతలుగా.

నవ్వు ఆపి దగ్గరికి జరిగింది. "ఈ భుజం వాడే ఇరగ్గొట్టినాడు. ఇంగ చాలనుకోని మా యమ్మ గుడిసెకొచ్చి గంప ఎత్తుకున్నా. నా బతుకు నేను బతకతా ఉండా. రాత్రి నీ మాట ఇని మా పెద్దకాపు ఏమన్నాడో తెలుసా? వ్యాను అమ్మ అంతటిదే చెప్పింది, ఆమె మొగుడు మారినాడు, నీ మొగుడూ మారతాడు, సాయంత్రం మీటింగు కాగానే నిన్ను వాడి చేతిలో పెడతాం అన్నాడు. కాదంటే గంప సముద్రంలో పారేస్తారంట." నా మొహంలోకి చూసింది. "మే, నిన్నొకటి అడగతా. నిజంగా కొట్టడా?"

బొగ్గులు చిటచిటమన్నాయి. నా అబద్ధం నాతోనే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. నేను తినే దెబ్బలు నావే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. మేము బండెక్కి పోయిన ప్రతి ఊళ్లోనూ ఎంతమంది కామమ్మలు నా మాట నమ్మి గంప దించారో! పోయిన ఏడు, అంతకు ముందు ఏడు!

"పోవద్దు" అన్నాను. అంతే అనగలిగాను.

ఆమె ఇంకేదో అడగబోయింది. వ్యాను వెనకనుంచి ఆయన వచ్చాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "ఏమ్మా, సాయంత్రం ఆలుమొగుళ్లిద్దరూ ముందర కూర్చోవాల" అన్నాడు తియ్యగా. ఆమె గంప ఎత్తుకుని పోయింది. పోతూ పోతూ నావైపు రెండుసార్లు తిరిగి చూసింది.

ఆమె సరుగుడు తోపు దాటేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు. "ఏం చెప్పినావు దానికి?" అన్నాడు.

"పోవద్దన్నాను."

"రెండు ఆత్మలు. ఈ ఊళ్లో ప్రభువుకు దక్కే మొదటి రెండు ఆత్మలు. వాటికి అడ్డం పడ్డావే." సమాధానం లేచి టైర్లవైపు నడిచాడు. ఆయన నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. జాకెట్టు చెయ్యి మోచేతి పైకి నెట్టాడు, చిరగకుండా, నెమ్మదిగా. అప్పటికి నాకు అర్థం కాలేదు. "దీన్ని నువ్వే గదా ఏరుకున్నావు, పదిమంది ముందర" అన్నాడు. చేపల్ని ఇసకలోకి నెట్టి, నా చేతిని కమ్మీల మీద పెట్టి తన మోకాలితో అదిమాడు.

ఆ వాసన గురించి చెప్పను. అరిచాను. సముద్రం నాకంటే గట్టిగా అరిచింది. తీసుకుందామంటే చెయ్యి రాలేదు, అంటుకుపోయింది. ఆయనే లాగి వదిలాడు. జాకెట్టు చెయ్యి కిందికి దించి సర్దాడు కూడా. "తడిగుడ్డ చుట్టుకో. సాయంత్రానికి చెయ్యి దాచుకుని సాక్ష్యం బాగా చెప్పు" అని హార్మోనియం దుమ్ము తుడవటానికి పోయాడు.

ఇసకలో మోకాళ్లమీద కూర్చున్నాను. కడవలోని నీళ్లు పోసుకుంటే బొబ్బలు లేచాయి. పక్కనే కత్తిపీట ఉంది. ఆయన వీపు నాకెదురుగా ఉంది, తెల్ల లాల్చీలో, నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసిన లాల్చీలో. లేచాను కూడా. కత్తిపీట ఎడంచేత్తో ఎత్తాను. బరువుగా, చల్లగా ఉంది. మళ్లీ దించాను. భయపడి కాదు. ఆయన్ని పొడిస్తే నేను హంతకురాలు, ఆయన దేవుడికోసం చచ్చిన హతసాక్షి. ఇంకో వందేళ్లు ఆయన పేరున మీటింగులు పెడతారు. కామమ్మను అప్పుడూ పంపిస్తారు. అంత సులువుగా వదిలిపెట్టనా?

మధ్యాహ్నం వండాను. ఒంటిచేత్తో. ముగ్గురం తిన్నాం. బొగ్గులు ఆర్పి, పొయ్యిని సముద్రపునీళ్లలో తోమి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కాళ్లు మడిచాను. నా రెండు చీరల మూట దానిమీద పెట్టాను. సమాధానం రోజూ అలవాటుగా దాన్ని సీటు కిందికి తోస్తాడు. చెయ్యి చాపాడు. "ఇది బండెక్కదు" అన్నాను. వాడు నా మొహం చూశాడు, నా చేతి గుడ్డ చూశాడు. పొయ్యిని ఎత్తి, ఆడవాళ్లు కూర్చునే చాప పక్కన పెట్టి వచ్చాడు.

సాయంత్రం నిన్నటికంటే ఎక్కువమంది వచ్చారు. ఆలుమొగుళ్లను కలిపే తంతు చూడాలని పక్క పల్లెల నుంచి కూడా వచ్చారు. పెద్దకాపు ముందు, పక్కన చిన్నపోలయ్య, తలకు నూనె రాసుకుని, మల్లుపంచె కట్టుకుని. ఆడవాళ్ల చాపమీద చివర కామమ్మ, తల్లి పక్కన, తల దించుకుని. ఆమెకు పక్కనే నా మూట. పెట్రోమాక్సు బుస కొడుతోంది. ఆయన రెండు పాటలు పాడి హార్మోనియం ఆపాడు. "ఇప్పుడు మన సహోదరి సాక్ష్యం చెప్తారు" అన్నాడు.

లేచి మైకు దగ్గరికి పోయాను. కాళ్లు వణికాయి. అబద్ధం చెప్పడానికి ఎన్నడూ వణకనివి.

"మా ఆయన ఒకప్పుడు తాగేవాడు" అన్నాను. గొట్టంలోంచి నా గొంతు సముద్రందాకా పోయింది. "తాగొచ్చి నన్ను చావగొట్టేవాడు. కావలి కూటాల్లో ప్రభువు ఆయన్ని తాకాడు. ఆరోజు నుంచి సీసా ముట్టలేదు. ఈ మాట నిజం."

జనం ఆమేన్ అన్నారు. ఆయన కళ్లు మూసుకుని తల ఆడించాడు. తర్వాత ముక్క ఏంటో ఆయనకు తెలుసు కదా.

నేను జాకెట్టు చేతి గుండీ విప్పాను. గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంది. లాగితే చర్మం ఊడివచ్చింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి, మైకు కడ్డీ పట్టుకున్నాను. చేతిని పెట్రోమాక్సు కిందికి చాచాను, లోపలివైపు పైకి తిప్పి. ముందువరసలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పిల్లలు లేచి చూశారు. మోచేతి దగ్గర్నుంచి మణికట్టుదాకా గీతలు, పక్కపక్కన, చక్కగా, ఎర్రగా.

"అది కమ్మీల వాత!" కామమ్మ లేచి నిలబడింది. "పొద్దున నా చేపలకు పడిన చారలే అయ్యి! ఆ పొయ్యివే!" పక్కనున్న పొయ్యిని మడత విప్పి రెండు చేతులా ఎత్తి చూపించింది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ముందుకు జరిగారు. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, పొయ్యివైపు చూసి, మళ్లీ చెయ్యివైపు చూసింది. "చేపను కాల్చినట్టు కాల్చినాడే నాయనా!" అని గుండెలు బాదుకుంది. పెద్దకాపు మెల్లగా తల తిప్పి మా ఆయనకేసి చూశాడు. చిన్నపోలయ్య పంచె కుచ్చిళ్లు సర్దుకుంటూ ఇసకలోకి చూస్తున్నాడు.

"మైకు ఆపు! సమాధానం, మైకు ఆపు!" ఆయన గొంతు మారింది. బ్యాటరీ తీగె సమాధానం చేతి దగ్గరే ఉంది. ఒక్క లాగుడు చాలు. నేను వాడివైపు చూశాను. వాడు లేవలేదు. టైర్లవైపు పోలేదు. తల వంచుకుని, రెండు చేతులూ కట్టుకుని, పెద్దలు సాక్ష్యం వినేటప్పుడు కూర్చునే తీరున కూర్చున్నాడు.

ఆయన హార్మోనియం తోసేసి లేచాడు. "స్తోత్రం, స్తోత్రం, సహోదరికి ఒంట్లో బాగాలేదు, పాట పాడుకుందాం" అంటూ నామీదికి వస్తున్నాడు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుద్ది అంది మా అత్త. పడనీ. నేను మైకును ఇంకా దగ్గరికి లాక్కున్నాను. జీవితంలో మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూశాను.

"కూర్చోండి" అన్నాను. "నా సాక్ష్యం ఇంకా అయిపోలేదు."